మాజీ సైనికుల ర్యాలీ: అనుమతి నుంచి ఇన్‌వర్డ్ నంబరు దాకా మా అనుభవం

ర్యాలీ అనగానే అందరూ పోలీసు అనుమతి గురించే అడుగుతారు. మాకు మాత్రం బ్యానర్ మీద ఏం రాయాలో తేల్చుకోవడానికే ఎక్కువ రోజులు పట్టింది. కమిటీలో కూర్చున్న సుబేదార్లు, హవల్దార్లు అందరికీ ఓఆర్‌ఓపీ (ఒకే ర్యాంకు, ఒకే సర్వీసుకు ఒకే పెన్షన్) కంఠస్థమే. 2014 జూలై 1 నుంచి వర్తింపు, 2015 నవంబర్ 7న ఉత్తర్వు, అయిదేళ్లకోసారి సవరణ, ఏటా సవరించక్కర్లేదని 2022 మార్చి 16న సుప్రీంకోర్టు తీర్పు. ఇదంతా ఫ్లెక్సీ మీదికి ఎక్కిస్తే టీకొట్టు దగ్గర నిలబడ్డవాడు చదవడు. చివరికి ఒక్క లైను మిగిల్చాం: ‘ఒకే ర్యాంకు, ఒకే సర్వీసు, పెన్షన్‌లో తేడా ఎందుకు?’ ఫ్లెక్సీ పది అడుగుల పొడవు, మూడడుగుల ఎత్తు. అక్షరం ఆరంగుళాలకు తగ్గకూడదు. గాలి పోవడానికి అక్కడక్కడా అర్ధచంద్రాకారంలో కోయించాలి. లేకపోతే పట్టుకున్న ఇద్దరు పెద్దవాళ్లనూ తెరచాపలా లాగేస్తుంది.

అనుమతి దరఖాస్తు కనీసం పది రోజుల ముందు ఇవ్వాలి. తేదీ, మొదలయ్యే, ముగిసే సమయాలు, దారి, ఎంతమంది, మైకు, వాహనాలు, బాధ్యుల పేర్లు, ఫోన్లు అన్నీ అందులో ఉండాలి. స్టేషన్‌లో ఇచ్చిన కాపీ మీద ముద్ర, సంతకం తీసుకోకుండా బయటికి రావద్దు. కుదరదని కాగితం మీద రాసివ్వడం అరుదు. ముందురోజు రాత్రి దాకా నానబెట్టడమే ఎక్కువ. ఊరేగింపులను అదుపుచేసే పోలీసు చట్టం సెక్షన్ 30 అమల్లో ఉందని నోటిమాటగా అంటే, అదే రాసివ్వమని అడగాలి. హైకోర్టులో లంచ్ మోషన్ (అదే రోజు వినమని అడిగే అత్యవసర పిటిషన్) వేయాల్సివచ్చినా చేతిలో ఉండేది ఆ ముద్ర కాపీ ఒక్కటే.

రోజు విషయానికి వస్తే మా ఓటు సోమవారానికే. ప్రజల అర్జీల రోజు కాబట్టి కలెక్టర్ ఆఫీసులో ఉంటారు, పత్రికల స్థానిక కంట్రిబ్యూటర్లూ అక్కడే తిరుగుతుంటారు. వరి నాట్లప్పుడు మాత్రం పెట్టకండి, మనవాళ్లలో సగం మంది పొలాల్లోనే ఉంటారు. వాట్సాప్‌లో బొటనవేలు చూపించినవాళ్లను లెక్కలోకి తీసుకోవద్దు. మండలానికొకరు ఫోన్ చేసి పేరు పేరునా అడిగిన జాబితానే లెక్క.

ఇక నడక. సర్వీసులో ఉన్నప్పటి కవాతు వేగం అరవై దాటిన మోకాళ్లతో కుదరదు. గంటకు మూడు కిలోమీటర్లు, అంటే నిమిషానికి యాభై మీటర్లు వేసుకోండి. దారి కిలోమీటరున్నరకు మించొద్దు. మూడు వందల మందిని ముగ్గురేసి వరుసల్లో, వరుసకూ వరుసకూ మీటరున్నర ఎడం పెట్టి నిలబెడితే దండు నూటయాభై మీటర్లు సాగుతుంది. ముప్పై మీటర్ల కూడలి దాటాలంటే నాలుగు నిమిషాలు కావాలి. ఏ సిగ్నలూ అంతసేపు ఆగదు. మధ్యలో బైకులు దూరి దండు రెండు ముక్కలవుతుంది, వెనకవాళ్లు అందుకోవడానికి పరిగెత్తుతారు, అక్కడే పడిపోతారు. అందుకే ముప్పైఆరు మందికొక జట్టు కట్టాం. పన్నెండు వరుసల జట్టు నిమిషంలో కూడలి దాటుతుంది. తరువాతి జట్టు ఆగుతుంది, ట్రాఫిక్ కానిస్టేబుల్ బండ్లు వదులుతాడు. జనం తిట్టుకోకుండా చూడటం కూడా ఈ పనిలో భాగమే.

నెమ్మదిగా నడిచేవాళ్లు ముందుండాలి, వేగం వాళ్లే నిర్ణయించాలి. వీరనారులను, అంటే అమర సైనికుల భార్యలను, మొదటి జట్టులో నిలిపింది ఫోటో కోసం అనుకున్నవాళ్లున్నారు; అసలు కారణం ఇదే. వెనక ఒక ట్రాలీ ఆటో, అందులో కుర్చీలు, ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు పదిహేను, ఓఆర్ఎస్, గ్లూకోజ్. షుగర్ ఉన్నవాళ్లు టిఫిన్ మానేసి రావద్దని ముందురోజే చెప్పాలి. ఏఎంసీలో (సైన్యం వైద్య విభాగం) నర్సింగ్ అసిస్టెంట్లుగా చేసినవాళ్లు ప్రతి సంఘంలోనూ ఉంటారు, ఆ ఆటో వాళ్లకు అప్పగిస్తే సరి. బయల్దేరే చోట ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఉందో లేదో ముందే వెళ్లి చూసుకోండి. సాధారణంగా అందరూ మర్చిపోయేది అదే.

యూనిఫాం వద్దు. సైనికుడిననిపించేలా దుస్తులు వేసుకోవడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 168 కింద చిక్కు తెస్తుంది. తెల్లచొక్కా, బెరే టోపీ, ఎడమ ఛాతీ మీద సొంత పతకాలు చాలు. చనిపోయిన భర్త పతకాలను కుడివైపు పెట్టుకోవడం ఆనవాయితీ. జాతీయ జెండా మీద ఏ రాతా ఉండకూడదు. వేరే జెండాలతో కలిసి నడిచినప్పుడు అది కుడివైపునో, వరుస మధ్యలో అందరికన్నా ముందో ఉండాలి. ప్లకార్డులకు కర్రలు పెడితే పోలీసులు ఆపుతారు, తాడుతో మెడలో వేసుకోవడం మేలు. సెలవు మీద ఊళ్లో ఉన్న కొడుకును తోడు తెచ్చుకోవద్దు; సర్వీసులో ఉన్నవాడికి ఆర్మీ నిబంధనలు అడ్డు. కండువాలు వేసుకుని వచ్చే నాయకులకు ముందే చెప్పండి: రండి, కండువా జేబులో పెట్టుకుని రండి. ఒకరిద్దరు అలుగుతారు, అలగనివ్వండి. ఆసుపత్రి, బడి, కోర్టుల చుట్టూ నూరు మీటర్లలో మైకు ఆపాలి. ఆ మౌనంలోనే జనం ఎక్కువగా తలతిప్పి చూస్తారు.

ఓఆర్‌ఓపీ కోసం ఢిల్లీలో 2015 జూన్ నడిమి నుంచి జంతర్ మంతర్ దగ్గర రిలే నిరాహార దీక్షలు సాగాయి. దేశమంతా గట్టిగా చూసింది మాత్రం ఆగస్టు 14న, పతకాలు పెట్టుకున్న పెద్దవాళ్లను పోలీసులు నెడుతున్న దృశ్యాలు టీవీల్లో వచ్చినప్పుడు. సెప్టెంబర్ 5న ఓఆర్‌ఓపీ అమలుపై కేంద్రం ప్రకటన చేసింది. అలాంటి దృశ్యాన్ని మనం కోరుకోం, కాబట్టి ఫోటో తీయదగ్గ క్షణం మనమే ఏర్పాటు చేయాలి. పదిన్నరకు కలెక్టరేట్ గేటు ముందు అన్ని జట్లూ ఆగి, రెండు నిమిషాలు కదలకుండా సావధాన్‌లో నిలబడటం మాకు బాగా పనిచేసింది. ఒక పేజీ ప్రెస్‌నోట్ తెలుగులో, అప్పటికప్పుడే విలేఖరుల చేతిలో పెట్టాలి. అందులో ఒకే ర్యాంకు, ఒకే సర్వీసు ఉన్న ఇద్దరి పెన్షన్లు పక్కపక్కన వేసి తేడా చూపండి, వాళ్ల పేర్లు అక్కర్లేదు.

వినతిపత్రాలు రెండు రాయండి. పెన్షన్ రక్షణ శాఖ చేతిలోది, కలెక్టర్ దాన్ని పైకి పంపడం తప్ప ఏమీ చేయలేరు. ఇంటి స్థలం, ఆస్తి పన్ను లాంటివి రాష్ట్రం పరిధిలోవి, అవి వేరే కాగితం మీద ఉండాలి. అన్నీ కలిపి ఒకదాంట్లో రాస్తే మొత్తం ఢిల్లీ ఫైల్లోకి పోతుంది, ఇక్కడ కాగల పని కూడా ఆగిపోతుంది. లోపలికి అయిదుగురు చాలు. రెండింటికీ వేర్వేరు ఇన్‌వర్డ్ నంబర్లు (కాగితం అందిందని ఆఫీసు రిజిస్టర్లో వేసే నంబర్లు) తీసుకోండి. నెల దాటినా కదలిక లేకపోతే పది రూపాయల ఆర్టీఐ దరఖాస్తులో ఆ నంబర్లే రాసి, ఫైలు ఎవరి బల్ల మీదుందో అడగొచ్చు.