గడ్డం పెరగని ఏడాది

ముప్పై ఏళ్ళు లెక్కల మాస్టారుగా చేశాను, మాసిన గడ్డంతో క్లాసుకు వెళ్ళిన రోజు లేదు. అలాంటిది 58వ ఏట వారానికోసారి గీసుకున్నా సరిపోయేది. బ్లేడు ఖర్చు మిగిలిందిలే అనుకున్నాను. మెట్లెక్కితే ఆయాసం, అన్నం తినగానే మగత, ఇక ఆ విషయంలో కోరికన్నదే లేదు. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గే. ఆ సిగ్గే నా కొంప ముంచబోయింది.

కాకినాడలో ఒక పెద్ద డాక్టరు గారికి గొంతు తగ్గించి చెప్పుకున్నాను. పట్టుబట్టి చేయించుకున్న రక్తపరీక్షలో టెస్టోస్టిరాన్, అంటే మగ హార్మోన్, 92 వచ్చింది. 300 దాకా అయినా ఉండాలట. ఆయన కాగితం మడిచి, "ఈ వయసులో ఇంకా అవన్నీ ఎందుకండీ మాస్టారూ, మనవల్ని ఎత్తుకోండి" అన్నారు. కాంపౌండరు నవ్వాడు. నేనూ నవ్వాను, అదే ఇప్పటికీ మండుతుంది నాకు. బీకాంప్లెక్స్ రాసిచ్చారు. ఏడాది గడిచిపోయింది.

కార్తీక మాసంలో ఒక రాత్రి రెండింటికి మెలకువ వచ్చింది. కళ్ళ వెనక ఎవరో సుత్తితో కొడుతున్నట్టు నొప్పి, వెంటనే వాంతి. ఎడమ కనురెప్ప లేవట్లేదు. మా ఆవిడ పక్కన కూర్చుని వీపు రాస్తోంది. చెయ్యి తెలుస్తోంది, మనిషి మాత్రం కనబడట్లేదు! తల పూర్తిగా తిప్పితేగానీ ఆవిడ ముఖం కనబడలేదు. "ఏవండీ, నన్ను చూడండి" అని ఏడుస్తోంది. పోయే ముందు ఇలాగే ఉంటుందేమో అనుకున్నాను.

క్యాజువాలిటీలో బీపీ 80కి పడిపోయింది. ముందు మైగ్రేన్ అన్నారు. డ్యూటీలో ఉన్న అమ్మాయి మాత్రం, చిన్నపిల్ల, నా చెంప వంక చూసి "గడ్డం ఎప్పుడు గీసుకున్నారు సార్?" అంది. పదిరోజులైందన్నాను. వేలు పక్కలకు జరుపుతూ కనబడుతోందా అని అడిగింది. రక్తం తీయించి, రిపోర్టు కోసం చూడకుండా హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించింది. ఆ తల్లి కడుపు చల్లగా ఉండాలి.

ఎంఆర్ఐలో పిట్యూటరీ గ్రంథి దగ్గర రెండున్నర సెంటీమీటర్ల గడ్డ, లోపల రక్తస్రావం. క్యాన్సర్ కాదన్నారు. ముక్కులోంచి ఆపరేషన్ చేశారు. ఆ నాలుగు రోజులు నాకు సరిగ్గా గుర్తులేవు.

ఎండోక్రైనాలజిస్ట్ గారు, అంటే హార్మోన్ల డాక్టరు, తర్వాత బొమ్మ గీసి చెప్పారు. మెదడు అడుగున బఠాణీ గింజంత ఉంటుందట ఆ గ్రంథి. అది ఎల్‌హెచ్ అనే హార్మోన్ పంపితేనే వృషణాలు టెస్టోస్టిరాన్ తయారుచేస్తాయి. నలభై దాటాక ఏడాదికి సుమారు ఒక శాతం తగ్గడం మామూలే. అయితే వృషణాలు అలిసిపోయి తగ్గితే పిట్యూటరీ ఊరుకోదు, ఎల్‌హెచ్ పెంచి గదమాయిస్తుంది. నా ఎల్‌హెచ్ ఒకటి కూడా లేదు. హెడ్మాస్టరే నిద్రపోతుంటే టీచర్లనేం అంటాం! ఆ ఒక్క పరీక్ష ఏడాది ముందే రాసుంటే సరిపోయేది.

నాలాంటి వాళ్ళకు ఒక మాట. ఈ పరీక్షకు పొద్దున పదిలోపు రక్తం ఇవ్వండి, తక్కువొస్తే ఇంకోరోజు మళ్ళీ చేయించండి, ఎల్‌హెచ్, ప్రొలాక్టిన్ (అదీ పిట్యూటరీ హార్మోనే) కూడా అడగండి. ఫోన్లో ప్రకటన చూసి మగతనం పొడులు కొనకండి. మా అల్లుడు తెచ్చిచ్చిన డబ్బా రెండు నెలలు మింగాను, అనుభవంతో చెప్తున్నాను.

చూపు వారంలో తిరిగొచ్చింది. హైడ్రోకార్టిసోన్, థైరాయిడ్ మాత్రలు జీవితాంతం వాడాలట. జ్వరమొస్తే హైడ్రోకార్టిసోన్ డోసు పెంచుకోవాలి, ఆ సంగతి రాసిన కార్డు జేబులో పెట్టుకుంటున్నాను. ప్రోస్టేట్ పరీక్షలు చూసుకుని టెస్టోస్టిరాన్ జెల్ కూడా మొదలుపెట్టారు. ఇదంతా సత్యదేవుడి దయే అంటుంది మా ఆవిడ. అన్నవరం వెళ్ళి వ్రతం చేయించుకొచ్చాం. నేను మాత్రం పీటల మీద కూర్చుని ఆ డ్యూటీ అమ్మాయినే తలుచుకున్నాను.

ఆ బీకాంప్లెక్స్ చీటీ ఇంకా నా డైరీలో ఉంది. చింపెయ్యమంటుంది మా ఆవిడ. చింపలేదు.