‘అల్పజీవి’ని గైడులో కాదు, నవలగా చదవండి: తెలుగు ఆప్షనల్ వాళ్లకి

సివిల్స్ మెయిన్స్‌లో తెలుగు సాహిత్యం ఆప్షనల్‌గా తీసుకున్నవాళ్లకి రెండో పేపరు సిలబస్‌లో చిట్టచివరి పేరు రాచకొండ విశ్వనాథశాస్త్రి (రావిశాస్త్రి) ‘అల్పజీవి’. చివర ఉండటం దాని దురదృష్టం. చాలామంది గైడులో సారాంశం చూసుకుని, ‘ఆత్మన్యూనత’ అన్న ఒక్క మాట పట్టుకుని హాల్లోకి వెళ్తారు. ఆ పేపర్లో ఉన్న ఆధునిక వచన నవల ఇదొక్కటే. పైగా దీని కథానాయకుడు సుబ్బయ్య ప్రభుత్వ గుమాస్తా. రేపు ఆఫీసులో కూర్చోబోయే మనకి ఇంతకన్నా దగ్గరి పాఠ్యం ఆ సిలబస్‌లో మరొకటి లేదు.

మొదటిసారి చదివేటప్పుడు పెన్ను ముట్టుకోవద్దు. పెద్ద నవల కాదు, రెండు మూడు రోజుల్లో అయిపోతుంది. గీతలు గీస్తూ చదివితే ‘ముఖ్యమైన వాక్యాలు’ మిగులుతాయి కానీ సుబ్బయ్య భయం ఎలా పెరుగుతుందో అందదు. రచన అంతా చైతన్య స్రవంతి పద్ధతిలో, అంటే పాత్ర మనసులో ఆలోచనలు వచ్చినవి వచ్చినట్టే రాసే తీరులో నడుస్తుంది. బయట ఒక చిన్న మాట పడుతుంది, లోపల అది కొండంత అవుతుంది. ఆ ఊపు తెగకుండా చదివితేనే తెలుస్తుంది.

రెండోసారి పెన్ను తీయండి. పేజీకి నడిమధ్య గీత గీసి, ఎడమవైపు బయట నిజంగా జరిగింది, కుడివైపు సుబ్బయ్య మనసులో జరిగింది రాయండి. ఇలా పది పన్నెండు సన్నివేశాలు చాలు. భార్య సావిత్రితో రెండు, కాంట్రాక్టరు గవరయ్యతో మూడు నాలుగు, మనోరమతో రెండు, ఆఫీసువి మిగతావి. ఎక్కడ చూసినా ఎడమవైపు రెండు లైన్లుంటే కుడివైపు పది లైన్లుంటాయి. రచనా శిల్పం మీద ప్రశ్న వస్తే ఈ తేడానే మీ జవాబు.

పాఠ్యంలోంచి ఒక వాక్యం ఇచ్చి వివరించమనే సందర్భ సహిత వ్యాఖ్యకి 10 మార్కులు, 150 పదాలు. మూడు గంటల్లో 250 మార్కులకి రాయాలి కాబట్టి దీనికి దక్కేది ఏడు నిమిషాలే. ఎవరు, ఎవరితో, ఏ ఘట్టంలో అన్నది 30 పదాల్లో ముగించండి. తర్వాత 80 పదాలు ఆ వాక్యం వెనక నడిచే మనసు గురించి, మిగిలిన 40 రచనా పద్ధతి గురించి. మార్కులు పోయేది సాధారణంగా మొదటి భాగంలోనే. కథ చెప్పడం మొదలుపెడితే ఆగదు, పేజీ అక్కడికే నిండిపోతుంది. ఇంకో సంగతి, ఉత్తరాంధ్ర పలుకుబడిని గ్రాంథికంలోకి మార్చి ఉటంకించకండి. సరిగ్గా గుర్తులేని వాక్యాన్ని కొటేషన్ గుర్తుల్లో పెట్టే బదులు సొంత మాటల్లో చెప్పడం నయం. ఫోన్‌లో టైప్ చేసే అలవాటుతో తెలుగు చేతిరాత వేగం పడిపోయినవాళ్లు రోజూ ఒక జవాబు గడియారం పెట్టుకుని రాయాల్సిందే.

మొదటి పేపర్లో నవలా ప్రక్రియ మీద ప్రశ్న వచ్చినా ఇదే పనికొస్తుంది. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’లోని సీతారామారావును పక్కన పెట్టి చూడండి. అతన్ని వంశ గౌరవం, ఆదర్శాల భ్రమ కూలదోస్తాయి. సుబ్బయ్యకి కూలడానికి అంత ఎత్తే లేదు, అతను వంగి వంగి బతుకుతాడు. ఇద్దరినీ ‘మనో వైజ్ఞానిక నవలా నాయకులు’ అని ఒకే గాట కడితే సగటు మార్కులే వస్తాయి.

ఇక మెయిన్స్‌లో నైతికత మీద ఉండే ఎథిక్స్ పేపరు. సుబ్బయ్యకి తప్పేదో, ఒప్పేదో తెలియక కాదు. తన ఆఫీసుతో పనున్న గవరయ్య దగ్గర అప్పు తీసుకోవడం, ఆ తర్వాత అతని ముందు నోరు పెగలకపోవడం, ఇదంతా ‘కాదు’ అనలేని మనిషి కథ. నవల 1950ల నాటిది. 1964 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళిలో 16వ నియమం చూడండి, అధికారిక లావాదేవీలు ఉండే అవకాశమున్న వ్యక్తి దగ్గర ఉద్యోగి అప్పు చేయకూడదంటుంది. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ లంచం ఇచ్చేవాడినీ నేరస్థుడిగా చూస్తుంది. బలవంతం మీద ఇచ్చినవాడు ఏడు రోజుల్లో ఫిర్యాదు చేస్తే మినహాయింపు. నియమం ఒక్కటే చదివితే ‘అప్పే కదా’ అనిపిస్తుంది. సుబ్బయ్యని చూశాక అప్పు లంచంగా ఎలా మారుతుందో అర్థమవుతుంది.

ఆ పేపర్లో ఒక పరిస్థితి చెప్పి ఏం చేస్తారని అడిగే కేస్ స్టడీలో మాత్రం సుబ్బయ్య పేరు రాయకండి. 250 పదాల జవాబులో నవల పరిచయానికి చోటు లేదు. అక్కడ వాడాల్సింది అతను చేయనిది: మొదటి రోజే మర్యాదగా నిరాకరించడం, నియమం చెప్పడం, చట్టబద్ధంగా చేయగలిగిన సాయం చూపించడం, జరిగింది ఫైల్లో రాసి పైఅధికారికి తెలపడం. ‘నిజాయితీగా వ్యవహరిస్తాను’ అన్న వాక్యం కన్నా ఈ నాలుగు పనులకే మార్కులు. నవల పేరు చెప్పదలిస్తే వ్యాసం పేపరు ఉంది, అక్కడా ఒక పేరా చాలు.

రెండు గళ్ల నోట్సు ఇంకోచోటా పనికొస్తుంది. టెస్ట్ సిరీస్‌లో మార్కులు తగ్గిన రోజు ‘అందరూ ముందుకెళ్లిపోయారు’ అనిపిస్తుంది. ఎడమవైపు జరిగింది రాయండి, ఉదాహరణకి ‘రెండు 15 మార్కుల ప్రశ్నలు వదిలేశాను, టైం చాలలేదు’. కుడివైపు మనసు అంటున్నది రాయండి. మరుసటి వారం సరిదిద్దుకోవాల్సింది ఎడమవైపుదే. కుడివైపు ఎంత రాసుకున్నా దానికి షెడ్యూల్లో గంట కూడా కేటాయించక్కర్లేదు. నెలల తరబడి నిద్ర పట్టని స్థితి ఉంటే మాత్రం నోట్సు సరిపోదు, డాక్టర్‌ని కలవాలి.

దరఖాస్తులో హాబీగా ‘నవలలు చదవడం’ రాసినవాళ్లు 275 మార్కుల ఇంటర్వ్యూకి దీన్ని మళ్లీ చదువుకుని వెళ్లండి. రావిశాస్త్రి విశాఖలో వకీలు, ఇది ఆయన మొదటి నవల, ఇవి తెలియాలి. అంతకన్నా ముఖ్యం, సుబ్బయ్య మీద సానుభూతి ఉందా, కోపమా అని అడిగితే ఒక పక్షం తీసుకుని, దానికి ఆధారంగా ఒక సన్నివేశం చెప్పగలగాలి. ‘రెండూ ఉన్నాయి సార్’ అన్నారంటే తర్వాతి ప్రశ్న ఇంకా కష్టంగా వస్తుంది.