కాన్ఫోకల్‌లో నా సెక్షన్ మందం ఎంత? కొలిచి చూసిన అనుభవం

అనంతపురంలో వేరుశనగ వేరు బుడిపెల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. కళ్యాణదుర్గం దగ్గర మాకు చేను ఉంది, మొక్కలు అక్కడి నుంచే పెరికి తెచ్చుకుంటాను. వేరుశనగ బుడిపెల్లో బాక్టీరియా కడ్డీల్లా ఉండవు, గుండ్రంగా ఉబ్బి ఉంటాయి. కానీ ఒకసారికి ఒక పలుచని పొరనే చూపించే కాన్ఫోకల్ మైక్రోస్కోప్‌తో, ఒక్కో లోతులో ఒక్కో ఫొటో చొప్పున నేను తీసి పేర్చిన స్టాక్‌ను పక్క నుంచి తిప్పి చూస్తే అవన్నీ నిలబెట్టిన కోడిగుడ్లలా కనిపించాయి. ఆ బొమ్మ చూసి మా గైడ్ సార్ ఒకటే అడిగారు: "అమ్మా, నీ ఆప్టికల్ సెక్షన్ మందం ఎంత?" ఒక్కో ఫొటోలోకి ఎంత మందం పొర వస్తోంది అని. 0.85 మైక్రాన్లు సార్ అన్నాను. "కొలిచినావా, సాఫ్ట్‌వేర్‌లో చూసి చెప్తున్నావా?"

సాఫ్ట్‌వేర్‌లో చూసిందే. లెన్స్ ఎన్ఏ (ఎంత వెడల్పు కోణం నుంచి కాంతిని పట్టుకుంటుందో చెప్పే అంకె), కాంతి తరంగదైర్ఘ్యం, పిన్‌హోల్ (ఫోకస్‌లో లేని వెలుతురును ఆపే సన్న రంధ్రం) సైజు వేసి ఫార్ములా ఇచ్చే అంకె అది. నా స్లైడ్‌లో నీళ్లున్నాయా, గ్లిజరాల్ ఉందా అనేది దానికి తెలియదు.

మా దగ్గర కాన్ఫోకల్ లేదు, బెంగళూరులో ఒక ల్యాబ్‌లో గంటల లెక్కన స్లాట్ తీసుకుంటాను, అందుకని తయారీ అంతా ఇక్కడే చేసుకోవాలి. లేజర్ పడితే వెలిగే 0.17 మైక్రాన్ల ఫ్లోరోసెంట్ బీడ్స్ (సన్న పూసలు) తీసుకున్నాను. కొలవాలనుకునే దానికన్నా బీడ్ చిన్నది కాకపోతే దాని సైజు కూడా లెక్కలో కలిసిపోతుంది. బాగా పలచన చేసి ఒక చుక్క స్లైడ్ మీద ఆరబెట్టి, నీళ్లు వేసి, పైన పలుచని గాజు కవర్‌స్లిప్ మూసి సీల్ చేసి రాత్రి బస్సెక్కాను.

పని చెప్పుకుంటే చిన్నదే. ఫోకస్‌ను 0.1 మైక్రాన్ చొప్పున జరుపుతూ స్టాక్ తీయాలి, బీడ్ నడిమధ్యలో వెలుతురు ఎంతుందో గ్రాఫ్ గీయాలి, శిఖరంలో సగం ఎత్తు దగ్గర వెడల్పు కొలవాలి. మొదటి ఇరవై నిమిషాలు వృథా అయ్యాయి, వెలుతురును పెంచి చూపే డిటెక్టర్ గెయిన్ ఎక్కువ పెట్టాను, శిఖరం కోసేసినట్టు చదునుగా వచ్చింది. అలా వస్తే సగం ఎత్తు అనుకున్నది అసలు సగం కాదు, వెడల్పు ఎక్కువ చూపిస్తుంది. గెయిన్ తగ్గించి మళ్లీ తీస్తే 1.6 మైక్రాన్లు. పక్క నుంచి చూస్తే బియ్యపు గింజను నిలబెట్టినట్టు ఉండాల్సిన బీడ్‌కు ఒకవైపే తోకచుక్కలా తోక. లెన్స్ పాడైందేమోనని చాలా టెన్షన్ పడ్డాను.

అక్కడ మిషన్ చూసుకునే అబ్బాయిది హిందూపురం. "అక్కా, బీడ్స్ స్లైడ్ మీద ఆరబెట్టినారా, కవర్‌స్లిప్ మీదనా?" అన్నాడు. అదే కారణం. లెన్స్ 1.4 ఎన్ఏ ఆయిల్‌ది, అంటే కవర్‌స్లిప్‌కూ దానికీ మధ్య ఆయిల్ చుక్క వేసి వాడేది; ఆ ఆయిల్ వక్రీభవన గుణకం 1.518, నీళ్లది 1.33. బీడ్ దాకా వెళ్లాలంటే కాంతి పాతిక మైక్రాన్ల నీళ్లు దాటాలి, అక్కడే ఫోకస్ చెదిరిపోతోంది. బీడ్స్ ట్యూబ్ వెంట తెచ్చుకున్నాను కాబట్టి 0.17 మిల్లీమీటర్ల కవర్‌స్లిప్ మీదే ఆరబెట్టి మళ్లీ తీశాం. పది బీడ్స్ సగటు 0.6 వచ్చింది, తోక పోయింది.

సంతోషంగా రాసుకుంటుంటే తట్టింది, నా బుడిపె ముక్కలు కూడా నీళ్లలోనే ఉన్నాయి కదా, నేను చూసేది కూడా ఇరవై మైక్రాన్ల లోతులో! అంటే నా బాక్టీరియాకు వర్తించేది 0.6 కాదు, తప్పు స్లైడ్ అనుకున్న దాని 1.6. గుడ్లు వచ్చింది అందుకే.

బీడ్ ఒక చుక్క కాబట్టి అది చెప్పేది రిజల్యూషన్, అంటే దగ్గరదగ్గరగా ఉన్న రెండు చుక్కలు విడిగా కనిపిస్తాయా అనేది. సెక్షన్ మందం అంటే ఎంత మందం పొర నుంచి వెలుతురు లోపలికి వస్తోంది అని, దానికి చుక్క చాలదు, పరచుకున్న పొర కావాలి. కవర్‌స్లిప్ కింద ఫ్లోరెసీన్ ద్రావణం పోసి గాజులోంచి రంగులోకి ఫోకస్ జరిపితే గ్రాఫ్ మెట్టులా లేస్తుంది, ఆ మెట్టు వాలును గీస్తే వచ్చే శిఖరం వెడల్పే మందం. పిన్‌హోల్ 1 ఎయిరీ యూనిట్ (ఒక చుక్క వెలుతురు చేసే మచ్చ సైజుతో పిన్‌హోల్‌ను కొలిచే లెక్క) దగ్గర 0.9 వచ్చింది. మూడుకు తెరిస్తే రెండు మైక్రాన్లు దాటింది, బీడ్ వెడల్పు మాత్రం అంతగా పెరగలేదు. మెదడు కణజాలం చూడాలని అమెరికా శాస్త్రవేత్త మార్విన్ మిన్‌స్కీ 1957లో పేటెంట్‌కు పెట్టిన పిన్‌హోల్ ఆలోచన ఏం చేస్తుందో నాకు ఆ రెండు గ్రాఫులు పక్కపక్కన చూశాకే అర్థమైంది.

తర్వాతి స్లాట్‌లో 1.2 ఎన్ఏ వాటర్ లెన్స్ (ఆయిల్ బదులు నీటి చుక్కతో వాడేది) అడిగాను. దాని కాలర్ రింగ్‌ను కవర్‌స్లిప్ మందానికి సరిపెట్టి అదే పాతిక మైక్రాన్ల స్లైడ్ కొలిస్తే 0.75. కాగితం మీద ఇది తక్కువ లెన్స్, నా ముక్కకు మాత్రం ఇదే మంచిది. బాక్టీరియా గుండ్రంగా వచ్చాయి, ఒకటే అనుకున్నవి కొన్ని చోట్ల ఒకదాని కింద ఒకటి రెండుగా విడిపోయాయి. థీసిస్‌లో లెన్స్, మౌంట్ (ముక్క చుట్టూ ఉన్న ద్రవం), లోతు, పిన్‌హోల్ అన్నీ చెప్పి రిజల్యూషన్, మందం రెండు అంకెలూ రాశాను. పాత స్టాక్‌లలో లెక్కపెట్టినదంతా పక్కన పెట్టి మొదటి నుంచి లెక్కపెడుతున్నాను, ఇప్పటికి నాలుగు బుడిపెలు అయ్యాయి.