గేటు దగ్గర రెండుసార్లు వెనుదిరిగాను

నిన్నటితో నేను మందు ముట్టక తొంభై రోజులు. విజయవాడలో ఒక చర్చి ఆవరణలోని చిన్న గదిలో నా కోసం చప్పట్లు కొట్టారు. ఇంటికి వచ్చాక నిద్ర పట్టలేదు. తెల్లవారకముందే లేచి ఇది రాస్తున్నాను.

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో ఇరవై రెండేళ్లుగా గుమాస్తాను. ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) కాటా ఎక్కినా, రైతుకు ఇచ్చే లెక్క చీటీలో, అంటే నేను రాసిన తక్‌పట్టీలో రూపాయి తేడా వచ్చిందని ఏ రైతూ అనలేదు. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను. అలాంటి చేతికి, పొద్దున్నే గొంతులో చుక్క పడితే గాని కలం నిలవని రోజు వచ్చింది.

ఇంట్లో చేయని ప్రయత్నం లేదు. గుడిలో ప్రమాణం చేయించారు, పదకొండు రోజులు నిలిచింది. మా బావమరిది ఎక్కడి నుంచో పేరు లేని మాత్రలు తెచ్చి, నాకు తెలియకుండా కూరలో కలపమని మా ఆవిడకు ఇచ్చాడు. ఆమె కలపకపోవడం నా అదృష్టం. మద్యానికి పడని మందు ఒంట్లో ఉండగా తాగితే ప్రాణం మీదికి రావచ్చని తర్వాత డాక్టరు చెప్పారు. బావమరిదిని నేను ఇంకా క్షమించలేదు. ఆ తర్వాత పంతం పట్టి ఒక్కసారిగా మానేశాను. మూడో రాత్రి గోడ నిండా పురుగులు పాకుతూ కనిపించాయి. ఏళ్ల తరబడి రోజూ తాగినవారు హఠాత్తుగా ఆపితే రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణమే పోవచ్చు. దయచేసి ఇంట్లో తలుపులు వేసుకుని మానకండి, డాక్టరు దగ్గరికి వెళ్లండి.

అలా వెళ్లిన చోటే నాకు జీవితంలో మరిచిపోలేని అవమానం జరిగింది. ఆసుపత్రి పేరు రాయను. ఓపీ చీటీ కోసం వరుసలో నిలబడ్డాను. ఏ జబ్బని అడిగితే, మానసిక వైద్యుల దగ్గరికి అని మెల్లగా చెప్పాను. కౌంటరులో కుర్రవాడు వదలలేదు. "ఏం, మందు కేసా? ఎన్నేళ్ల నుంచి తాగుతున్నావు?" అన్నాడు, హాలంతా వినేలా. వాడికి మా పెద్దబ్బాయి వయసు ఉంటుంది. రిజిస్టరులో సంతకం పెట్టమన్నాడు. కలం గీత దాటి కింది వరుసలో ఎవరి పేరు మీదికో పాకింది. "చేతులు చూడు ఎలా ఆడుతున్నాయో" అని పక్క కౌంటరతనికి చూపించాడు.

వెనుక నుంచి "గుమాస్తా గారూ" అని వినిపించింది. పల్నాడు నుంచి ఏటా మా కొట్టుకే సరుకు తెచ్చే రైతు. ఆయన అంతా విన్నారు. నేను తిరిగి చూసేసరికి ఆయన తల దించుకుని తన చీటీ చదువుతున్నారు. చదవడం రాదని నాకు తెలుసు. తర్వాత యార్డుకు వచ్చినప్పుడు, నేను రాసిన తక్‌పట్టీని పక్క కొట్టు కుర్రవాడి చేత చదివించుకున్నారు. ఆయన తప్పు లేదు. ఆ కౌంటరు వాడిది తప్పు. ధైర్యం కూడగట్టుకుని వచ్చిన రోగిని నలుగురిలో నిలబెట్టి తాగుబోతని చాటితే, వాడు నేరుగా దుకాణానికే వెళతాడు. చీటీ రాసేవారికి ఈ ఇంగితం నేర్పని ఆసుపత్రిలో ఎంత గొప్ప డాక్టర్లుంటే ఏం లాభం?

ఐదు రోజులు ఉంచి, మాత్రలు, బీ1 సూదులతో వణుకు తగ్గించి పంపారు. డాక్టరమ్మ మాత్రం దేవత. ఒంట్లో మందు దిగిపోవడం సగం పనేనని, తాగి మానినవాళ్ల మధ్య కూర్చోమని, ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్) మీటింగుల గురించి ఆమే చెప్పారు. ఇలా చెప్పేవారు లేకపోతే 14446కి ఫోను చేయండి, మత్తు మానాలనుకునేవారికి ప్రభుత్వం పెట్టిన ఉచిత నంబరు.

గుంటూరులో నన్ను ఎరగనివారు తక్కువ. అందుకే బస్సెక్కి విజయవాడ వెళ్లాను. మీటింగు జరిగే ఆ చర్చి గేటు దాకా రెండు ఆదివారాలు వెళ్లి, రెండుసార్లూ వెనుదిరిగాను. లోపల కూడా రిజిస్టరు ఉంటుందనే భయం. మూడోసారి, కుర్చీలు వేస్తున్న ఒక పెద్దాయన బయటకు వచ్చి "టీ తీసుకుంటారా అండీ?" అన్నారు. పేరు అడగలేదు, ఊరు అడగలేదు. స్టీలు గ్లాసు సగమే నింపి ఇచ్చారు. నా చేయి వణుకుతుందని ఆయనకు తెలుసు. ఆ సగం గ్లాసు చూసి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

లోపల రిజిస్టరు లేదు, ఫీజు లేదు. మానాలనే కోరిక ఉంటే చాలు. చివర్లో ఖర్చులకు బుట్ట తిప్పారు, కొత్తవారు వేయనక్కరలేదన్నారు. 1935లో అమెరికాలో ఒక షేర్ల వ్యాపారి, ఒక డాక్టరు, ఇద్దరూ తాగుడుతో చితికినవారే, ఒకరికొకరు తోడుగా మొదలుపెట్టిన పద్ధతట ఇది. ఆ గదిలో ఎవరిని చూశానో, ఏమి విన్నానో రాయను, అది అక్కడి నియమం. నా మాట చెప్పగలను. మొదటి నాలుగు వారాలు నోరు విప్పలేదు, ఎవరూ విప్పమనలేదు. ఐదో వారం మా నాన్న గురించి చెప్పాను. 1995లో మద్యనిషేధం వచ్చినప్పుడు మానారు, 1997లో సడలించగానే మళ్లీ మొదలుపెట్టారు. ఆయనకు ఇలాంటి గది ఒకటి దొరికి ఉంటే అని ఏడ్చాను.

నిన్న చప్పట్లయ్యాక పెద్దాయన గది తాళం నా చేతిలో పెట్టారు. వచ్చే ఆదివారం నుంచి అరగంట ముందే వెళ్లి కుర్చీలు వేయాలి, టీ కలపాలి. గేటు దగ్గర ఎవరైనా నిలబడి వెనక్కి తిరుగుతున్నారేమో చూస్తూ ఉండమన్నారు.