స్కోరు పుస్తకం, రెండో సీజన్: నిలకడ లెక్క, పించ్ హిట్టర్ పేజీ

రెండో సీజన్ ముగిసేసరికి నా బేస్‌బాల్ స్కోరు పుస్తకంలో ముందు పేజీల కంటే వెనక పేజీలే ఎక్కువ నలిగాయి. ముందు పేజీల్లో ఉండేది మామూలు స్కోరే. ఒకే బంతికి ఇద్దరు అవుటయ్యే డబుల్ ప్లే షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య ఫీల్డర్) చేతిలోంచి మొదలైతే 6-4-3, అంటే బంతి చేతులు మారిన ఫీల్డర్ల నంబర్లు; బ్యాటర్ మూడో స్ట్రైక్‌ని చూస్తూ నిలబడిపోయి అవుటైతే తిరగేసిన కె. వెనక పేజీల్లో రెండే విషయాలు రాస్తున్నాను. ఏ బ్యాటర్ ఎంత నిలకడగా ఆడుతున్నాడు? ఏడో ఇన్నింగ్స్ దాటాక మేనేజర్ ఏ బ్యాటర్‌ని తీసి, అతని బదులు ఎవర్ని పించ్ హిట్టర్‌గా పంపాడు? డాలస్ చుట్టుపక్కల ఉండే మా టెక్సాస్ రేంజర్స్ జట్టు అభిమానుల బృందంలో వాదన ఎక్కడ మొదలైనా ఈ రెండింటి దగ్గరికే చేరుతుంది.

ముందు నిలకడ సంగతి. మా గుంటూరు బావది ఎప్పుడూ ఒకటే మాట: "రోజుకో హిట్ అయినా పడాలి బావా, అప్పుడే వాణ్ణి నమ్మొచ్చు." వినడానికి బాగుంటుంది. కానీ లెక్క కడితే వేరే సంగతి బయటపడుతుంది. హిట్ అంటే బంతిని కొట్టి బేస్ చేరడం; బేస్‌బాల్‌లో యావరేజ్ అంటే అవకాశాల్లో హిట్ల వంతు, .300 అంటే పదింటికి మూడు. .300 యావరేజ్ ఉన్న బ్యాటర్‌కి ఆటలో నాలుగు అవకాశాలు వస్తే, ఒక్క హిట్టూ లేకుండా ఇంటికి పోయే సంభావ్యత 0.7ని నాలుగుసార్లు హెచ్చవేస్తే వస్తుంది. అది 0.24. అదే .250 బ్యాటర్‌కి 0.32. ఒకడు లీగ్‌లో మేటి, ఇంకొకడు ఓ మోస్తరు ఆటగాడు. వాళ్లిద్దరికీ తేడా పదమూడు ఆటలకు ఒక ఖాళీ రోజు! రెండు వారాల్లో ఒక్క రాత్రి. కంటితో చూసి ఆ తేడా పట్టడం ఎవరి తరమూ కాదు. అందుకే "వీడు ఈ వారం ఫామ్‌లో లేడు" అనే మాటను నేను పుస్తకంలోకి రానివ్వను.

వారాల వారీగా కూడే పద్ధతి మానేసి 50 ఎట్-బ్యాట్లకు (హిట్టో అవుటో తేలే బ్యాటింగ్ అవకాశాలకు) ఒక గీత గీస్తున్నాను. అప్పుడు కూడా నమ్మకం పరిమితమే. నిజంగా .300 సత్తా ఉన్నవాడు 50 ఎట్-బ్యాట్లలో .235 నుంచి .365 వరకు ఎక్కడైనా ఉండొచ్చు, అదీ మూడింట రెండుసార్లు మాత్రమే. మిగతా ఒక వంతు ఆ హద్దులు కూడా దాటిపోతుంది.

యావరేజ్ కదలకపోతే నిలకడ అనుకునేవాళ్లకు నేను క్రిస్ డేవిస్ పేరు చెబుతాను. 2015 నుంచి 2018 దాకా వరసగా నాలుగేళ్లు అతని యావరేజ్ .247. ఒక్క పాయింటు అటూ ఇటూ లేదు. ఆ నాలుగేళ్లలో హోమ్ రన్లు మాత్రం 27, 42, 43, 48. అంటే బ్యాటర్ మారిపోతూనే ఉన్నాడు, అంకె మాత్రం అక్కడే ఉంది. మా బృందంలో ఇంతకన్నా పెద్ద గొడవ తెచ్చిన జంట లూయిస్ అరాయెజ్, కైల్ ష్వార్బర్. 2024లో .314 కొట్టి అరాయెజ్ నేషనల్ లీగ్ బ్యాటింగ్ టైటిల్ గెలిచాడు. 2023లో ష్వార్బర్ యావరేజ్ .197, చూస్తేనే చిరాకేసే అంకె. ఇక బేస్ మీదికి చేరిన లెక్క చూడండి: అరాయెజ్ .346, ష్వార్బర్ .343. ష్వార్బర్‌కి 126 వాక్‌లు (పిచ్చర్ నాలుగు చెడ్డ బంతులు వేస్తే ఉచితంగా దక్కే మొదటి బేస్), పైగా 47 హోమ్ రన్లు. రోజూ హిట్టు పడకపోయినా రోజూ పనికొచ్చే ఆట ఆడొచ్చని నాకు ఈ జంటే నేర్పింది. అప్పటినుంచి ఒక్కో వంతుకు మూడే రాస్తున్నాను: ఎన్ని పిచ్‌లు ఆడాడు, బంతి గట్టిగా తగిలిందా, బేస్ చేరాడా. గట్టిగా తగిలి ఫీల్డర్ చేతిలో పడితే చిన్న చుక్క పెడతాను. సీజన్ చివర్లో ఆ చుక్కలే నాకు ఎక్కువ చెప్పాయి.

ఇక పించ్ హిట్టర్ పేజీ. ఇదే నాకు ప్రాణం. బెంచి మీంచి ఒకణ్ణి దింపి ఇంకొకడి బదులు ఆడిస్తే, తీసేసినవాడు ఆ రోజుకు మళ్లీ రాడు. కాబట్టి ఆట మొదలయ్యే ముందే బెంచి జాబితా రాసుకోవాలి. జట్టులో 26 మంది, అందులో పిచ్చర్లు 13 మందికి మించకూడదు. అన్ని జట్లూ ఆ పదమూడూ నింపుకుంటాయి కాబట్టి, తొమ్మిది మంది బ్యాటింగ్ వరసలో ఉంటే బెంచి మీద మిగిలేది నలుగురు. వాళ్లలో ఒకడు రెండో క్యాచర్. ఉన్న క్యాచర్‌కి దెబ్బ తగిలితే దిక్కుండదని అతన్ని చివరిదాకా కదపరు. అంటే మేనేజర్ చేతిలో నిజంగా ఉన్నది ముగ్గురే. ఒక్కో పేరు పక్కన ఎడమచేతివాడా, కుడిచేతివాడా, రెండువైపులా ఆడతాడా రాస్తాను. కిందనే అవతలి జట్టు బుల్‌పెన్‌లో (ఆట మధ్యలో దిగే పిచ్చర్ల గుంపులో) ఎడమచేతివాళ్లెవరో రాస్తాను.

2020 నుంచి ఒక నియమం ఉంది: బరిలోకి దిగిన పిచ్చర్ కనీసం ముగ్గురు బ్యాటర్లకైనా వెయ్యాలి, లేదా ఆ అర ఇన్నింగ్స్ (ఒక జట్టు బ్యాటింగ్ వంతు) ముగించాలి. దీంతో ఎత్తుకు పైయెత్తు వేసే దారి కొంత ఇరుకైంది. కానీ పూర్తిగా మూసుకుపోలేదు. ఆ ముగ్గురూ అయ్యాక మీరు పించ్ హిట్టర్‌ని ప్రకటిస్తే అవతలివాడు పిచ్చర్‌ని మార్చొచ్చు. ప్రకటించినవాడు ఒక్క పిచ్ ఆడకపోయినా ఆటలోకి వచ్చినట్టే లెక్క, అతన్ని వెనక్కి తీసుకుంటే ఆ బాణం పోయినట్టే.

నా పద్ధతి ఇది. మిగతా పుస్తకమంతా పెన్సిల్, ఈ పేజీ ఒక్కటే పెన్ను. మొదటి పిచ్ పడకముందే ఇన్నింగ్స్, అవుట్లు, బేస్‌ల మీద ఎవరు, స్కోరు తేడా, పోయినవాడు, వచ్చినవాడు, పిచ్చర్ చెయ్యి రాసి, చివర "సరే" లేదా "వద్దు" అని ఒక్క మాట, దానికి కారణం. ఫలితం ఇంకో గడిలో. హిట్టు పడ్డాక అందరికీ మేనేజర్ మేధావే. పడకముందు మనం ఏమనుకున్నామో కాగితం మీద ఉండాలి.

కారణాల్లో నేను ఒప్పుకోనిది ఒకటుంది. వరంగల్ తమ్ముడు ఎప్పుడూ అంటాడు: "వాడు ఇయ్యాల మూడింటికి సున్నా అన్నా, తీసెయ్యాల్సిందే." మూడు అవకాశాల్లో హిట్టు లేని ఆ సున్నాలో సమాచారం దాదాపు ఏమీ లేదు. పైగా బెంచి మీద చల్లబడ్డవాడు ఒక్కసారిగా లేచి, అప్పుడే వచ్చిన, గంటకు వంద మైళ్ల దగ్గర విసిరే రిలీవర్‌ని ఎదుర్కోవాలి. అదే బ్యాటర్ మొదటినుంచి ఆడినప్పటికన్నా పించ్ హిట్టర్‌గా తక్కువ కొడతాడని విశ్లేషకులు ఎప్పుడో తేల్చారు. కాబట్టి వచ్చేవాడు పోయేవాడి కంటే కొంచెం మేలైతే చాలదు, స్పష్టంగా మేలై ఉండాలి. ఇద్దరిదీ ఒకే చెయ్యి అయితే మొగ్గు పిచ్చర్‌దే, అందుకే ఎడమచేతి పిచ్చర్ ముందు ఎడమచేతి బ్యాటర్ ఉన్నప్పుడే నా "సరే"లు ఎక్కువ. కుడికి కుడి ఎదురైతే అంత నష్టం ఉండదు.

ఇక్కడి అభిమానుల్ని ఇప్పటికీ గుచ్చేది 2011 వరల్డ్ సిరీస్. మొదటి ఆటలో ఆరో ఇన్నింగ్స్, రెండో ఆటలో ఏడో ఇన్నింగ్స్, రెండుసార్లూ మన పిచ్చర్ అలెక్సీ ఒగాండో మీద కార్డినల్స్ పించ్ హిట్టర్ అలెన్ క్రెయిగ్ సింగిల్ కొట్టి ఆధిక్యం తెచ్చాడు. ఇద్దరూ కుడిచేతివాళ్లే, కాగితం మీద మొగ్గు మనదే. కానీ క్రెయిగ్ ఆ ఏడాది .315 కొట్టినవాడు, రెండుసార్లూ అతను వచ్చింది పిచ్చర్ బదులు. ఎంత సులువైన నిర్ణయమో చూడండి. 2022లో డీహెచ్ (పిచ్చర్ బదులు బ్యాటింగ్ మాత్రమే చేసే ఆటగాడు) రెండు లీగుల్లోకీ వచ్చాక అలాంటివి లేవు. ఇప్పుడు తీసేది కూడా అసలైన బ్యాటర్నే, అందుకే ఒక్కో నిర్ణయం మీద ఇంత వాదన.

శీతాకాలం పని: రెట్రోషీట్‌లో ఉచితంగా దొరికే ప్లే-బై-ప్లేలు తీసుకుని 2011 సిరీస్‌ని ఇద్దరు మేనేజర్ల వైపు నుంచీ ఈ పేజీల్లోకి ఎక్కించడం. ఏప్రిల్ నుంచి ఫ్రిస్కోలో రఫ్‌రైడర్స్ (రేంజర్స్ కింది స్థాయి జట్టు) ఆటలకు కూడా పుస్తకం పట్టుకెళ్తాను, మైదానం దగ్గరగా ఉంటుంది, బెంచిలో ఎవరు బ్యాట్ తిప్పుతున్నారో కనిపిస్తుంది. బావతో ఒప్పందం కుదిరింది. వరసగా హిట్లు పడుతున్నవాళ్లను చూసి ఆయన ముగ్గుర్ని ఎంచుకుంటాడు, బేస్ చేరిన లెక్క చూసి నేను ముగ్గుర్ని. ఒక్కొక్కరికి 150 ఎట్-బ్యాట్లు అయ్యేదాకా ఎవరూ పేర్లు మార్చకూడదు. పేర్లు పెన్నుతోనే రాయాలని బావే పట్టుబట్టాడు.