వేరుశెనగ గింజలు, చింతపిక్క, నా ఆర్గానిక్ కెమిస్ట్రీ

ఈఏపీసెట్‌కి చదువుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మాది అనంతపురం దగ్గర పల్లె. ఫిజికల్ కెమిస్ట్రీ లెక్కలు ఎలాగో నెట్టుకొచ్చేదాన్ని గానీ, ఆర్గానిక్ పుస్తకం తెరవాలంటేనే టెన్షన్. 160 ప్రశ్నల్లో కెమిస్ట్రీవి 40. ఆర్గానిక్ వదిలేసి ర్యాంకు కోసం చూడటం కుదరదని నాకూ తెలుసు.

ఒక గ్రాండ్ టెస్టులో అయిదు కార్బన్లు అడ్డంగా గీసి, రెండో కార్బన్ కింద ఇథైల్ గ్రూపు (రెండు కార్బన్ల కొమ్మ) వేలాడదీశారు. 2-ఇథైల్ పెంటేన్ అని ధైర్యంగా పెట్టొచ్చాను. కీలో చూస్తే 3-మిథైల్ హెక్సేన్. ఎందుకో అర్థం కాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

వేసవిలో అమ్మ విత్తనానికి శెనక్కాయలు వలుస్తుంటే పక్కన కూర్చుని, అదే బొమ్మను గింజలతో బండల మీద పేర్చాను. అడ్డంగా అయిదు, రెండో గింజ కింద రెండు. కింది కొస నుంచి వేలు పెట్టి లెక్కబెడుతూ పైకెక్కి కుడివైపు మళ్లితే ఆరొచ్చాయి! ఎడమ పక్కన మిగిలింది ఒక్క గింజ. అదే మిథైల్, అదీ మూడో గింజ పక్కన. చైన్ అంటే తిన్నగా గీసిన గీత కాదు, ఎక్కువ కార్బన్లు దొరికే దారి. ఆల్కేన్ (అన్నీ ఏకబంధాలే ఉన్న హైడ్రోకార్బన్) పేరులో 2-ఇథైల్ కనిపిస్తే ఇక కళ్లు మూసుకుని కొట్టేయొచ్చు.

ఆల్కహాల్ అయితే మాత్రం తొందరపడకండి. ఓహెచ్ ఉన్నచోట నేను చింతపిక్క పెట్టేదాన్ని. పిక్క అంటుకున్న గింజ మీదుగానే దారి పోవాలి, పొడవు తగ్గినా సరే. అందుకే 2-ఇథైల్ బ్యుటేన్-1-ఆల్ సరైన పేరే.

చర్యలకు వచ్చేసరికి గింజలు చాలవు. మా లెక్చరర్ ఒక మాట చెప్పారు: "బాణం గుర్తుకు ముందు ఏముందో కాదమ్మా, బాణం మీద ఏం రాశారో ముందు చూడు." 2-బ్రోమోబ్యుటేన్‌కు జల కేఓహెచ్ ఇస్తే ప్రతిక్షేపణ జరిగి, అంటే బ్రోమిన్ స్థానంలో ఓహెచ్ చేరి, బ్యుటేన్-2-ఆల్. ఆల్కహాలిక్ కేఓహెచ్ ఇస్తే విలోపనం, అంటే హెచ్, బ్రోమిన్ ఊడిపోయి ద్విబంధం ఏర్పడుతుంది; ఎక్కువగా వచ్చేది బ్యుట్-2-ఈన్. మారింది ద్రావణి ఒక్కటే.

ద్విబంధానికి హెచ్‌బీఆర్ లాంటిది కలిస్తే హెచ్ ఎటు, బ్రోమిన్ ఎటు చేరుతుందో చెప్పే మార్కోవ్నికోవ్ నియమాన్ని నేను మొదట బట్టీ కొట్టి రెండుసార్లు మర్చిపోయాను. ప్రొపీన్‌కు హెచ్‌బీఆర్ కలిపితే, ద్విబంధం దగ్గరున్న ఎలక్ట్రాన్ల కోసం హెచ్ ప్లస్ ముందు వస్తుంది. అది చివరి కార్బన్‌కు అంటుకుంటే ధనావేశం మధ్య కార్బన్‌ మీద పడుతుంది. రెండు వైపులా మిథైల్ గ్రూపుల ఆసరా ఉంటుంది కాబట్టి అదే స్థిరం. అక్కడికే బ్రోమిన్ వచ్చి 2-బ్రోమోప్రొపేన్ అవుతుంది. ఇది ఒక్కసారి అర్థమయ్యాక మళ్లీ మర్చిపోలేదు. పెరాక్సైడ్ ఉంటే దారి ఫ్రీ రాడికల్‌ది (జత లేని ఎలక్ట్రాన్ ఉన్న కణానిది), వచ్చేది 1-బ్రోమోప్రొపేన్. అదీ హెచ్‌బీఆర్‌కు మాత్రమే, హెచ్‌సీఎల్‌కు, హెచ్‌ఐకి కాదు.

ఇప్పుడొకటి మీరు చేయండి. పైన వచ్చిన బ్యుట్-2-ఈన్‌కు పెరాక్సైడ్ సమక్షంలో హెచ్‌బీఆర్ కలిపితే ఏమొస్తుంది? పెరాక్సైడ్ చూడగానే 1-బ్రోమోబ్యుటేన్ పెట్టేవాళ్లు చాలామంది. నాలుగు గింజలు పేర్చి చూడండి. ద్విబంధానికి రెండు వైపులా ఒకేలా ఉంది. బ్రోమిన్ ఎటు అంటుకున్నా 2-బ్రోమోబ్యుటేనే.