చార్టు మీద ఖాళీ గడి

"అమ్మా, నువ్వూ మామయ్యా రియల్ సిబ్లింగ్సేనా?"

పదేళ్ల మా అమ్మాయి డైనింగ్ టేబుల్ నిండా చార్టు పరిచి, స్కెచ్ పెన్ మూత పళ్ల మధ్య పెట్టుకుని అడిగింది. స్కూల్లో ఫ్యామిలీ ట్రీ ఇచ్చారు. ప్రతి గడిలో పేరు, ఇంటిపేరు, ఇంటిపేరుకి అర్థం రాయాలి. తాతయ్య గడిలో చింతలపూడి అని రాసింది. మామయ్య గడిలోనూ చింతలపూడే. మధ్యలో నా గడి దగ్గరికొచ్చేసరికి వాళ్ల నాన్న ఇంటిపేరు. దాని చెయ్యి ఆగిపోయింది.

"పెళ్లయ్యాక ఆడవాళ్ల ఇంటిపేరు మారుతుందమ్మా."

"ఎవరు మార్చారు?"

"నేనే."

"ఎందుకు?"

కూర మాడుతోందంటూ లేచి వంటింట్లోకి వెళ్లాను. స్టవ్ అసలు వెలిగించనే లేదు.

తిరిగొచ్చేసరికి గడి ఖాళీగానే ఉంది. "ఏం రాయాలో నువ్వే డిసైడ్ చెయ్. రాంగ్ నేమ్ నేను రాయను" అంది. దాని క్లాసులో కొరియా పిల్ల ఒకత్తి ఉంది. నాన్నా, తనూ లీ. అమ్మ మాత్రం కిమ్. కొరియాలో పెళ్లయినా ఆడవాళ్లు ఇంటిపేరు మార్చుకోరు. కిమ్ అంటే బంగారమట, అది కూడా ఆ పిల్లే చెప్పింది. ఇంకో స్నేహితురాలు మెక్సికో అమ్మాయి, దానికి రెండు ఇంటిపేర్లు. ముందు నాన్నది, తర్వాత అమ్మది. లోపెజ్ అంటే లోపె కొడుకు అని అర్థం. స్మిత్ అనే అబ్బాయి వాళ్లు ఒకప్పుడు కమ్మరులు. ఇవన్నీ మా అమ్మాయి నాకు పాఠంలా చెప్పింది. చివర్లో "వాళ్ల అమ్మలందరికీ వాళ్ల పేర్లున్నాయి" అని ఊరుకుంది. స్మిత్ వాళ్ల అమ్మ కూడా బహుశా మార్చుకునే ఉంటుంది. ఆ మాట గబుక్కున నోటిదాకా వచ్చింది కానీ మింగేశాను.

నిజం చెప్పాలంటే నేను ఇంటిపేరు మార్చుకున్నది సంప్రదాయం కోసమూ కాదు, మా ఆయన మీద ప్రేమతోనూ కాదు. 2011లో పెళ్లి. నెల తిరక్కుండానే వీసా స్టాంపింగ్. "ఇద్దరికీ ఒకే లాస్ట్ నేమ్ ఉంటే టెన్షన్ ఉండదమ్మా" అన్నాడు ట్రావెల్ ఏజెంటు. పెళ్లయితే పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్చాలన్న రూలేమీ లేదని ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆయన చూపించిన చోట సంతకం పెట్టేశాను. ఇరవై నాలుగేళ్ల పేరు. కనీసం టీ తాగినంత సేపయినా ఆలోచించలేదు.

తర్వాత తెలిసొచ్చింది. టెన్త్ సర్టిఫికెట్ నుంచి బీటెక్ దాకా అన్నీ పాత పేరుతోనే. ఇక్కడ చదువుకోవాలంటే ఆ పేరూ ఈ పేరూ ఒక్క మనిషివేనని రుజువు చూపించమన్నారు. మా నాన్న నోటరీ దగ్గరికెళ్లి వంద రూపాయల స్టాంపు పేపరు మీద అఫిడవిట్ చేయించి పంపారు. పైన నా పాస్‌పోర్టు సైజు ఫొటో, సగం ఫొటో మీద, సగం కాగితం మీద పడ్డ ఊదారంగు సీలు. ఫలానా ఆవిడా, ఫలానా ఆవిడా ఒక్కరే అని అందులో ఉంది. నేను నేనేనని కాగితం మీద రాయించుకున్నాను. ఆ కాగితం ఇప్పటికీ ఫైల్లో ఉంది. అమ్మాయికి ఎప్పుడూ చూపించలేదు.

ఇంత ఘనకార్యం చేసిన నేనే దాని పేరు విషయంలో పులిని. మృణాళిని అని ఏరికోరి పెట్టుకున్నాం. కిండర్‌గార్టెన్ మొదటి రోజు టీచరమ్మ "ఎం అని పిలవచ్చా" అనగానే నాకు కోపమొచ్చింది. ముక్కలుగా విడగొట్టి కాగితం మీద రాసిచ్చాను. ళ పలకడానికి నాలుక ఎక్కడ పెట్టాలో కూడా ఆవిడకి చూపించాను. పాపం, ఇంట్లో మా ఆయనే మృణాలిని అంటారు. పిల్ల "అమ్మా, ఎం అంటే చాలు, ప్లీజ్" అని చెవిలో గొణిగింది. నేను వినలేదు. తెలిసిన తల్లులందరికీ ఇదే సలహా: పిల్లల పేరు కుదించనివ్వకండి, నోరు తిరక్కపోతే నేర్పండి అని. ఆ సలహా ఇచ్చిన ప్రతిసారీ నా పేరు కింద మా ఆయన ఇంటిపేరే ఉంది.

ఇంటిపేర్ల మీద దానికి నేను ఇదివరకు పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. కొరియావాళ్లలా, చైనావాళ్లలా, హంగేరీవాళ్లలా మనమూ ఇంటిపేరే ముందు చెప్తాం, మనిషి కంటే ఇల్లు ముందు అని. తంగుటూరు నుంచి తంగుటూరి, కందుకూరు నుంచి కందుకూరి, ఇలా చాలా ఇంటిపేర్లు ఊళ్లేనని. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి సర్వేపల్లి నెల్లూరు జిల్లాలో ఊరు, కానీ లోకానికి ఆయన ఎస్. రాధాకృష్ణన్ అని. అంతా విని అది అడిగింది: "మరి చింతలపూడిలో మన ఇల్లెక్కడ?" మా వాళ్లెవరూ అక్కడున్నట్టు ఎవరికీ గుర్తులేదు. ఏలూరు బస్టాండులో చింతలపూడి బోర్డున్న బస్సు ఎన్నోసార్లు చూశాను. ఒక్కసారి కూడా ఎక్కలేదు.

దానికి చెప్పని ముక్క ఇంకోటుంది. మొన్న ఒక పుట్టినరోజు పార్టీలో ఒకావిడ దాన్ని దగ్గరికి తీసుకుని "మీ ఇంటిపేరేంటమ్మా?" అంది. చెప్పాక, "అమ్మ వాళ్లదీ?" అంది. కార్లో అమ్మాయి అడిగింది, ఆంటీకి అది ఎందుకని. "ఏ ఊరో తెలుసుకోడానికి" అన్నాను. అబద్ధం. ఆవిడ ఏం తెలుసుకోవాలనుకుందో నాకు తెలుసు, ఇంటిపేరు విని నేనూ ఎదుటివాళ్ల గురించి లోపల్లోపల అదే లెక్క వేస్తాను. అంత గొప్పగా కాపాడుకోవాల్సిన పేరా అది అని ఆ రాత్రి ఒకసారి అనిపించింది. మళ్లీ తెల్లారేసరికి మామూలే.

చార్టులో ఇంకా పైన అమ్మమ్మ గడి ఉంది. మా అమ్మమ్మకి అన్నీ వేలిముద్రలే తప్ప ఇంటిపేరుతో పనే పడలేదు. ఆవిడ పుట్టింటి పేరేమిటి? నాకు తెలీదు. అమ్మకి ఫోన్ చేశాను, అక్కడ పొద్దున్నే. అవతల పాలు పొంగిన చప్పుడు, స్టవ్ కట్టేసిన చప్పుడు, ఆ తర్వాత చాలాసేపు నిశ్శబ్దం. "ఉండవే, నోట్లోనే ఉంది. పిన్నిని అడుగుతా" అంది. కన్నతల్లి పుట్టింటి పేరు మా అమ్మకి గుర్తు రాలేదు. నేను ఏమీ అనలేదు. ఇంకో నలభై ఏళ్లకి నా గురించి మా అమ్మాయిని ఎవరైనా అడిగితే అనుకున్నాను కానీ, దానికి చార్టుంది.

నా గడిలో ఏం రాయమన్నానో చెప్పలేదు కదా. రెండూ రాయమన్నాను, మెక్సికోవాళ్లలా. అది ఒప్పుకుంది కానీ ఏది ముందు రాయాలని అడిగింది. నీ ఇష్టమన్నాను. చింతలపూడి పెద్దక్షరాల్లో రాసి, పక్కన చింతచెట్టు బొమ్మ వేసింది. "నాకు పెళ్లయితే నేనేం చెయ్యాలి?" అంది. మార్చుకోకు అనాలనుకున్నాను. నీ ఇష్టం అన్నాను మళ్లీ. రెండోసారి ఆ మాట పారిపోవడంలాగే వినిపించింది నాకే.

అమ్మమ్మ గడిలో పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టి మంగళవారం చార్టు పట్టుకెళ్లింది. బుధవారం రాత్రి అమ్మ వాయిస్ మెసేజ్: "మామిళ్లపల్లి! పిన్ని చెప్పింది. ఎలా మర్చిపోయానో చూడు."

"మామిడి కూడా ట్రీయే కదా" అంటూ అది పసుపు స్టిక్కీ నోట్ తెచ్చుకుంది, చార్టు తిరిగొచ్చాక రాయడానికి. ఇంగ్లిష్‌లో ఒక ఎల్లా రెండా అని అడిగింది. నాకూ తెలీదు. రెండు రకాలుగానూ రాసి ఫ్రిజ్‌కి అంటించింది.